వాకిలి యూడ్చిన యవ్వయు, చరిత్ర వ్రాసిన కవియు

జమైకా దీవి యుత్తరతీరమున, సముద్రపుటొడ్డునే, ఒక బీద ముదుసలి కాపురముండెను. ఆమె ప్రతిదినమును వేకువనే లేచి, చీపురు చేతబట్టి, తన వాకిటిలోని యిసుకను ఊడ్చివేయుచుండెను. ఊడ్చిన యిసుక గాలితోను అలలతోను మరల వాకిటిలోనికే వచ్చి చేరుచుండెను. మరునాడు మరల నదే పని. ఆ చెంతనే కొన్నాళ్లు బసచేసిన యొక చరిత్రకారుడు దీనిని చూచి వింతపడెను. ఇసుకలోనే ఇల్లు గట్టుకొనినవారు ఇసుకను ఊడ్చుటెందులకో, ఈ పని యెన్నటికి ముగియునో ఆయనకు బోధపడలేదు. ఒకనాటి వేకువను ఆయన ముందుగా మేలుకొని వెలుపలికి వచ్చెను. తొలియెండ నీటిపై బడి తళతళలాడుచుండెను. ఆ వెలుగున కడ్డముగా నిలిచి యూడ్చుచున్న యవ్వ పాదములు ఇసుకమీద గాక నీటిమీదనే నడచుచున్నట్లు ఆయన కన్నులకు దోచెను. ఆఫ్రికాఖండము నుండి మహాసముద్రము దాటి, తరతరములుగా నడచి వచ్చుచున్న తల్లి యామెయే యని యాయన గ్రహించెను.

ఆ చరిత్రకారుడు కమౌ బ్రాత్‌వెయిట్. ఆయన చరిత్రకారుడు మాత్రమే గాడు. కరిబియను దీవుల నల్లజాతి కవులలో మిక్కిలి పేర్కొనదగినవాడు. పుస్తకములకెక్కని చరిత్ర యెక్కడ దాగియుండును అను ప్రశ్నకు ఆయన తన యాయువంతయు వెచ్చించి జవాబు వెదకెను. ఆ జవాబు ఎక్కువగా ఆడువారి చేతులలోను నోళ్లలోను దొరకుటచే ఈ నెల మన పుటలో ఆయనను గూర్చి ముచ్చటింప దలచితిమి.

పిల్లలు క్రికెట్టు ఆటను గూర్చి మాటలాడుకొనునపుడు వెస్టిండీసు అను పేరు మన సోదరీమణులు వినియే యుందురు. ఆ దీవులలో తూర్పుకొసను ఉన్నది బార్బడోసు. దాని వైశాల్యము 430 చదరపు కిలోమీటర్లు. మన మండలములు రెండు కలిపిన ఇంచుమించుగా నంత యుండును. 1627లో ఆంగ్లేయు లచట కాపురము పెట్టిరి. 1640 తరువాత చెరకు నాటిరి. చెరకున్నచోట ఎంత చాకిరి యుండునో కృష్ణా గోదావరి మండలముల వారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. నాటుట, కలుపుతీయుట, నఱుకుట, గానుగాడుట, రాత్రింబవళ్లు పొయ్యి యారకుండ రసము కాచుట — ఈ పనులన్నిటికిని ఆఫ్రికా నుండి మనుష్యులను పట్టి తెచ్చి బానిసలుగా జేసిరి. 1661లో బార్బడోసు శాసనసభ బానిసలను గూర్చి యొక చట్టము చేసెను. జమైకా మొదలగు దీవులు దానినే యొరవడిగా గైకొనెను. తల్లి బానిసయైనచో ఆమె కడుపున బుట్టిన బిడ్డయు పుట్టుకతోనే బానిస. 1834 ఆగస్టు 1వ తేదీన బానిసత్వమును రద్దుచేయు చట్టము అమలులోనికి వచ్చెను గాని, నిజమైన విడుదల 1838లో గాని కలుగలేదు. అప్పుడు బ్రిటిషు ప్రభుత్వము రెండుకోట్ల పౌనులు నష్టపరిహారమిచ్చెను. ఎవరికనుకొనెదరు? బానిసలను పోగొట్టుకొన్న యజమానులకు! బానిసలైనవారికి దమ్మిడీయైన నీయలేదు.

ఆ దీవి ముఖ్యపట్టణమగు బ్రిడ్జిటౌనులో 1930 మే 11వ తేదీన మన కవి జన్మించెను. తలిదండ్రులు పెట్టిన పేరు లాసన్ ఎడ్వర్డ్. తండ్రి గిడ్డంగిలో గుమాస్తా. పిల్లవాడు చదువున చుఱుకైనవాడగుటచే హారిసన్ కళాశాలయను పేరుగల పాఠశాలలో చేరెను. అచటి చదువంతయు ఇంగ్లండు చదువే. అచటి పుస్తకములలోని రాజులు ఇంగ్లండు రాజులు. పూవులు ఇంగ్లండు పూవులు. ఋతువులును ఇంగ్లండు ఋతువులే. ఆ దీవిలో ఎన్నడును మంచు కురియదు. అయినను వ్యాసము వ్రాయుమన్నచో పిల్లలు మంచునే వర్ణించుచుండిరి. చెరకుతోటలపై మంచు కురిసినట్లు వ్రాసిన పిల్లల ముచ్చటను ఈయన పెద్దవాడైన పిమ్మట నొక యుపన్యాసమున చెప్పెను. నవ్వు పుట్టించు ముచ్చటయే గాని, దాని వెనుక నున్న దుఃఖము గొప్పది. ఏటేట తమ యిండ్ల కప్పులను ఎగురగొట్టు పెనుగాలిని వర్ణించుటకు ఆ పిల్లలకు బడి యొక్క మాటయైన నేర్పలేదు. కంటితో చూచినది వ్రాయరానిది. కంటికి కానరానిది వ్రాయదగినది. ఇదియే ఆ చదువు నేర్పిన నీతి.

1950లో విద్యార్థివేతనముపై ఆయన కేంబ్రిడ్జికి వెడలి, 1953లో చరిత్రయందు పట్టభద్రుడయ్యెను. బుద్ధిమంతుడై ఇంగ్లండులోనే స్థిరపడియుండిన మఱియొక పండితుడుగా ముగిసెడివాడేమో. కాని 1955లో ఆయన ఆఫ్రికా పడమటితీరమునందలి గోల్డుకోస్టునకు విద్యాశాఖలో నుద్యోగియై పోయెను. 1957 మార్చి 6వ తేదీన ఆ దేశము ఘానా యను పేరుతో స్వతంత్రమగుట ఆయన కన్నులార గాంచెను. 1962 వఱకు నచటనే యుండెను. పల్లెలు తిరిగెను, అకాను జనుల మద్దెలల భాషను, దేవతలకు నీరు వదలుచు చేయు ప్రార్థనలను శ్రద్ధతో నేర్చెను. ఆ నేర్చుకొనుటలో ఆయనకొక వింత తెలిసివచ్చెను: ఇవి క్రొత్తవి కావు. బార్బడోసులో వడ్రంగియగు తన బంధువు చెక్క చెక్కు తీరు, పల్లెటూరి ప్రార్థనలలో ఆడువారు ఊగుచు పాడు తీరు, ముసలివారి నడక, చేయి త్రిప్పుట, వీనికన్నిటికిని మూలమిచట గనబడెను. బడిలో ఎవ్వరును చెప్పని తన చరిత్ర తన యింటిలోనే, తన చుట్టు నున్నవారి యొడళ్లలోనే దాగియుండెనని యాయన యెఱింగెను.

మన పాఠకురాండ్రకు వంటింటి దృష్టాంతమొకటి చెప్పిన నీ విషయము చక్కగ బోధపడునని మా యూహ. బార్బడోసు స్త్రీలు నవంబరు మాసమున కాంకీ యను నొక పిండివంట చేయుదురు. జొన్నపొత్తుల పిండిలో కొబ్బరి, గుమ్మడి, చిలగడదుంప, సుగంధద్రవ్యములు కలిపి, అరటియాకున చుట్టి ఆవిరిపై నుడికింతురు. ఘానాలో మొక్కజొన్న పిండిని పులియబెట్టి, ఆకులలో చుట్టి యుడికించు నాహారమునకు కెంకీ యని పేరు. పేరులోను చుట్టు తీరులోను గల పోలికను చూడుడు. ఓడలో గొలుసులతో కట్టబడి వచ్చిన స్త్రీ తనతో గిన్నె తేలేదు, పుస్తకము తేలేదు, కట్టుబట్టయు దక్కలేదు. ఆకున చుట్టు నేర్పు మాత్రము చేతివ్రేళ్లలో మిగిలి యుండెను. ఆ నేర్పే బిడ్డకు, మనుమరాలికి సంక్రమించి నేటికిని నిలిచియున్నది. అట్లే వెస్టిండీసు స్త్రీలు పదుగురు కూడి నెలనెల కొంతసొమ్ము వేసికొని వంతుచొప్పున నొక్కొక్కరు మొత్తమును దీసికొను నాచారము కలదు. ట్రినిడాడులో దీనిని సూసూ యందురు. అది యొరూబా జాతివారి ఎసూసూ యను మాటయే. మన చీటీలవంటి యా యేర్పాటు కూడ ఓడలోనే సముద్రము దాటి వచ్చెను. దీనిని వ్రాసియుంచిన దస్తావేజు లేదు. ఆడువారి జ్ఞాపకమే దస్తావేజు.

ఘానాలో నున్న దినములలోనే, 1960లో, బ్రిటిషు గయానాకు జెందిన డోరిస్ మోనికా వెల్కమ్ అను ఉపాధ్యాయినిని ఆయన పెండ్లాడెను. 1962లో అచటి బడిపిల్లలచే ఒడాలేస్ చాయిస్ అను నాటకమును ఆడించెను. రాజాజ్ఞను ధిక్కరించి తన యన్న శవమునకు మట్టియిచ్చిన గ్రీకు కన్య యంటిగొనీ కథను ఆఫ్రికాబాలిక కథగా మార్చి వ్రాసిన నాటకమది. పిమ్మట దంపతులు వెస్టిండీసునకు మరలి, జమైకాలోని విశ్వవిద్యాలయమున ఆయన చరిత్రోపన్యాసకుడయ్యెను.

తరువాతి పదియేండ్లలో ఆయన చేసిన పని రెండు పాయలుగ సాగెను. ఒకటి కవిత్వము. 1967, 1968, 1969 సంవత్సరములలో వరుసగ మూడు కావ్యములు వెలువడెను. మొదటిది ఓడలలో చెదరిపోయిన జనుల ప్రయాణము. రెండవది ఆఫ్రికాకు తిరిగి పోయి పూర్వులను పలుకరించుట. మూడవది మరల దీవులకు వచ్చి యదియే తన యిల్లని తెలిసికొనుట. ఈ మూడును కలిపి 1973లో ది అరైవంట్స్ అను పేర నొక్క గ్రంథముగ ముద్రించిరి. చేరవచ్చినవారు అని యా పేరునకు అర్థము. వచ్చినవారని చెప్పుటలో నొక గౌరవము కలదు. తేబడినవారనిన సరుకు, వచ్చినవారనిన మనుష్యులు.

రెండవపాయ చరిత్ర. ఇంగ్లండులోని ససెక్సు విశ్వవిద్యాలయమున 1968లో డాక్టరు పట్టము నొందిన తన పరిశోధనను 1971లో ఆక్సుఫర్డు ముద్రణాలయము వారిచే ప్రకటింపించెను. 1770 మొదలు 1820 వఱకు జమైకాలో సంఘము ఏర్పడిన తీరు దానిలోని విషయము. దీని గొప్పతనమును తెలిసికొనుటకు ఒక చిక్కును మనము తలచుకొనవలెను. ఆ కాలపు కాగితములన్నియు యజమానులు వ్రాసినవే. తోటల లెక్కపుస్తకములు, శాసనసభ తీర్మానములు, పత్రికలు, పారిపోయిన బానిసను పట్టియిచ్చినవారికి బహుమతి ప్రకటనలు — ఇవియే యాధారములు. లెక్కపుస్తకములో ఆడుదాని పేరు, వయస్సు, వెల, ఏ పనికి తగును అను వివరములుండును. ఆమె బిడ్డను నిద్రపుచ్చుచు ఏమి పాడెనో యుండదు.

బ్రాత్‌వెయిట్ ఆ కాగితములనే చదివెను గాని, అవి చెప్పదలచుకొన్న దానినొక్కటే వినలేదు. బానిసలు ఆదివారపు సంతలో తాము పండించిన దుంపలు, కాయలు అమ్ముకొనుట, చనిపోయినవారిని సాగనంపు తీరు, పురిటి యాచారములు, మందులు, ఆటలు, పాటలు — వీనిని యజమాను లెగతాళిగ వ్రాసి యుంచిన చోట్ల నుండియే ఏరి తెచ్చి ఒకచోట జేర్చెను. తెల్లవారు నల్లవారికి అన్నియు నేర్పిరి, నల్లవారు నేర్చుకొనిరి అను పాతమాటను ఆయన త్రోసివైచెను. క్రొత్తనేలకు ఉభయులును క్రొత్తవారే. ఒకరినొకరు మార్చుకొనుచు, బాధించుటయు బాధపడుటయు నడుమనే, ఉభయులు కలిసి యొక నూతన సంఘమును పుట్టించిరి అని వాదించెను. దీనివలన బానిసత్వపు క్రౌర్యము తగ్గినదని యాయన యనలేదు. దెబ్బలుతిన్నవారు దెబ్బలుతినుట మాత్రమే చేయలేదు, సృష్టియు చేసిరి అనినాడు. మా దృష్టిలో నీ రెండు మాటలకును నడుమ గల భేదము మిక్కిలి పెద్దది.

ఇచట మనకును కొంత సంబంధము కలదు. బానిసత్వము పోయిన పిమ్మట చెరకుతోటల యజమానులు మన దేశమువైపు చూచిరి. 1838 మొదలు 1917 వఱకు అయిదులక్షలకు మించిన భారతీయులు కూలి యొడంబడికపై కరిబియను ప్రాంతములకు పోయిరి. పెక్కుమంది కలకత్తారేవున నోడలెక్కిరి. కొందఱు మద్రాసురేవున నెక్కిరి. మద్రాసున నెక్కినవారిలో తమిళులతో బాటు తెలుగువారును గలరు. 1974లో ప్రకటించిన మఱియొక గ్రంథమున బ్రాత్‌వెయిట్ ఈ భారతీయులు ఆ సంఘములో కలిసిన తీరును కూడ విచారించెను. ఆ తెలుగుతల్లులు ఏ పాటలు పాడి బిడ్డలను పెంచిరో, ఎన్ని తరములకు మాట మఱపునబడెనో మనలో విచారించినవారు మిక్కిలి తక్కువ.

ఇక ఆయన చెప్పిన వానిలో మమ్ములను మిక్కిలి కలతపెట్టిన విషయమునకు వత్తము. అది భాషను గూర్చినది. 1984లో హిస్టరీ ఆఫ్ ది వాయిస్ అను చిన్నపుస్తకమున ఆయన ఇట్లు వాదించెను. దీవులలోని సామాన్యజనులాడు మాటను పండితులు చెడిన యింగ్లీషనిరి, మొఱకుభాష యనిరి. అది చెడినది గాదు. అశాంతీ, యొరూబా, కాంగో మొదలగు పెక్కు భాషల జనులను ఒకచోట గుమికూర్చి, వారి భాషలను నోట పలుకనీయక యింగ్లీషునే పలుకుమన్నప్పుడు, వారు మాటలు ఇంగ్లీషువి గైకొని, దానిలో తమ లయను, తమ యూపిరిని నింపిరి. కావున దానిని మాండలికమని చిన్నచూపు చూడక జాతిభాష యని పిలువవలెనని యాయన మతము. ఛందస్సును గూర్చియు నట్లే చెప్పెను. అయిదేసి గణముల యాంగ్లపాదము ఇంగ్లండులోని నెమ్మదియైన వాతావరణమునకు సరిపోవును గాని, చెట్లను వేళ్లతో పెకలించు గాలివానకు సరిపడదు. దానిని చెప్పుటకు మద్దెల యడుగులు, కాలిప్సో పాటల నడక కావలెను.

అందఱును దీని నొప్పుకొనలేదు. 1992లో నోబెలు బహుమానము నొందిన సెయింట్ లూషియా దీవి కవి డెరెక్ వాల్కాట్ ఆంగ్ల కావ్యసంప్రదాయమును తనదిగా జేసికొనియే తన జనులను గూర్చి గొప్ప కావ్యములు వ్రాసెను. రెండు త్రోవలును గొప్పవే యని మా నమ్మకము. కాని వాల్కాట్ త్రోవలో నడచుటకు గొప్పచదువు కావలెను. బ్రాత్‌వెయిట్ త్రోవలో చదువులేని యవ్వయు నడచివచ్చి కూర్చుండగలదు.

మన తెలుగునాట గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940) వ్యావహారిక భాషకై పోరాడిన సంగతి మన సోదరీమణులెఱుగుదురు. సవరల భాషను నేర్చి, ఆ కొండజాతివారికి వారి భాషలోనే పుస్తకములు వ్రాసిన మహనీయుడాయన. అట్టివారు పుట్టిన నాట నీ పుటను గ్రాంథికమున వ్రాయుచు, ఇంటిభాష గొప్పదని చెప్పుటకు మాకే కొంచెము సిగ్గుగ నున్నది. అంతకంటె సిగ్గుపడవలసిన సంగతి యొకటి కలదు. కొంతకాలము క్రిందట నొక సోదరి తన అమ్మమ్మ నోట విన్న గాలివాన ముచ్చటను వ్రాసి మాకు పంపెను. అందులో నవ్వ యన్న మాట: "ఆ రాత్రి గాలి ఊళపెట్టింది." మేము పుటకు గౌరవము చేకూర్చు తలంపుతో దానిని "ఝంఝామారుతము ఘోషించెను" అని దిద్ది ప్రకటించితిమి. పత్రిక చదివి వినిపింపగా నా ముసలమ్మ, "ఇది మన ఊరి గాలివాన కాదే, ఇంకెక్కడిదో," అనెనట! బ్రాత్‌వెయిట్ చెప్పిన మంచు కురిసిన చెరకుతోట మా పుటలోనే మొలచినదని అపుడు మాకు తెలియలేదు. ఆయన గ్రంథములను గూర్చి తెలిసికొన్న పిమ్మటనే తెలిసెను.

ఆయన స్త్రీలను గూర్చి ప్రత్యేకించి ఆలోచించెను. నీట మునిగియున్న తల్లులను పైకి దీయుట చరిత్రకారుని విధియని భావించెను. జమైకా కొండలలో పదునెనిమిదవ శతాబ్దమున, పారిపోయిన బానిసల నొక స్వతంత్ర జనముగ నిలిపి బ్రిటిషు సేనలను ఎదిరించిన నానీ యను వీరనారిని గూర్చి 1977లో వ్రాసెను. జమైకా ప్రభుత్వము జాతీయవీరులుగ నెన్నుకొన్న యేడుగురిలో నేకైక స్త్రీ యామెయే. 1984లో ప్రసిద్ధ చరిత్రకారిణి యెల్సా గొవేయా స్మారకోపన్యాసమున బానిసత్వకాలపు కరిబియను స్త్రీలను గూర్చి ప్రసంగించెను. 1977లో వెలువరించిన మదర్ పోయమ్ అను కావ్యమున తన దీవినే తల్లిగ భావించెను. షేక్స్పియరు టెంపెస్టు నాటకములో కాలిబన్ అను బానిస యొక్క తల్లి సికోరాక్సు పేరుకు మాత్రమే వినబడును. రంగముమీదికి రాదు, ఒక్కమాటయు పలుకదు. 1987లో బ్రాత్‌వెయిట్ ఆ కొడుకు తల్లికి జాబు వ్రాసినట్లుగ నొక పద్యము రచించెను. మాటలేని తల్లికి తొలిజాబు అది! ఆయన పేరును కూడ నొక యవ్వ యిచ్చినదే. 1971లో కెన్యాలో నున్నపుడు ప్రసిద్ధ రచయిత గూగీ వా థియోంగో యొక్క యవ్వ ఆయనకు కమౌ అని పేరు పెట్టెను. ఆ పేరుతోనే లోకము ఆయనను ఎఱుగును.

ఇక నీ కథలో ఇంతవఱకు మఱుగుననే యున్న యొక స్త్రీని ముందుకు దీసికొనిరావలెను. ఆమె డోరిస్. 1966 డిసెంబరులో లండనులోని వారి నేలమాళిగ యింటిలో కరిబియను రచయితలు, చిత్రకారులు సమావేశమై యొక ఉద్యమమును ప్రారంభించిరి. ఆ యుద్యమమును స్థాపించిన వారిగ బ్రాత్‌వెయిట్, జాన్ లా రోజ్, ఆండ్రూ సాల్కీ అను మువ్వుర పేర్లను చరిత్ర చెప్పును. ఆ యింటి యిల్లాలి పేరును కొందఱు మాత్రమే చెప్పుదురు. డోరిస్ భర్త రచనల నన్నిటిని — ఏది, ఎప్పుడు, ఏ పత్రికలో నచ్చుపడెనో — వరుసగ పట్టికవేసి, 1948 మొదలు 1986 వఱకు గల గద్యపద్యముల జాబితాను 1986లో గ్రంథముగ వెలువరించెను. లోకపు చరిత్రను భర్త వ్రాయుచుండగా, భర్త చరిత్రను భార్య వ్రాసెను. ఆ సంవత్సరమే సెప్టెంబరు 7వ తేదీన, తన యఱువదవ జన్మదినమున, పుట్టకురుపు వ్యాధిచే ఆమె కన్నుమూసెను. ఇరువదియారేండ్ల కాపురము. తరువాత 1993లో బ్రాత్‌వెయిట్ ప్రకటించిన దినచర్యలో ఆయన దుఃఖమును చూచినచో పండితుని మాటలు కానరావు. ఇల్లు చీకటియైన మగవాని మాటలే కానవచ్చును.

కష్టము లంతటితో నాగలేదు. 1988 సెప్టెంబరు 12వ తేదీన గిల్బర్టు అను పెనుతుఫాను జమైకాపై విఱుచుకొనిపడెను. కింగ్‌స్టనునకు పైగా కొండమీద నున్న ఆయన యింటికప్పు ఎగిరిపోయి, జీవితమంతయు కూడబెట్టిన పుస్తకములు, వ్రాతప్రతులు, శబ్దముద్రికలు, జాబులు బురదలో కలిసెను. గాలివానకు తగిన భాష కావలెనన్న కవి భాండారమును గాలివానయే కొల్లగొట్టెను. 1990లో దొంగలింట జొరబడి ఆయనను హింసించిరి. కొండనుండి జారిన బురదలో ఏవేవి నశించెనో తెలిసికొనవలెనన్నను, అచ్చైన వానిని మరల వెదకికొనవలెనన్నను, అప్పటికి అచ్చులో నిలిచియున్నది డోరిస్ వేసిన పట్టిక. మన యిండ్లలో అమ్మలు వ్రాసియుంచు పద్దుపుస్తకములను విలువలేని కాగితములని పాఱవేయువారు ఈ సంగతిని ఒక్కసారి తలచుకొందురుగాక.

ఆయన క్రుంగిపోయియు మరల లేచెను. న్యూయార్కు విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. 1994లో నోయిష్టాటు బహుమానమును, 2006లో గ్రిఫిన్ కవితాబహుమానమును బడసెను. 1998లో బెవర్లీ రీడ్ అను జమైకా వనితను వివాహమాడెను. తుదకు తాను పుట్టిన బార్బడోసునకే చేరుకొని 2020 ఫిబ్రవరి 4వ తేదీన, తొంబదవయేటికి కొన్ని నెలలు తక్కువగా, శాశ్వతనిద్ర జెందెను. మఱుసటియేడు నవంబరు 30వ తేదీన ఆ దీవి ఇంగ్లండు రాణి యేలుబడిని వదలుకొని గణతంత్రమయ్యెను. ఆయన చూడకపోయినను, చూడవలసినది ముందుగనే చూచియుండెనని మేమనుకొనుచున్నాము.

సోదరీమణులారా, ఈ చరిత్రము చదివి యయ్యో యని ఊరకుండుట చాలదు. వాకిలి యూడ్చు నవ్వను ఆయన చరిత్రలోనికి తెచ్చెను. మన యిండ్లలోను ప్రతియుదయమును వాకిలి యూడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టువారున్నారు. మధ్యాహ్నమునకు కాళ్లక్రింద చెఱగిపోవు ముగ్గును మరునాడు మరల పెట్టుటెందులకని వారిని ఎవ్వరును అడుగరు. వారు ఏ యూరినుండి ఏ యూరికి కాపురమునకు వచ్చిరో, ఏ కఱవులో ఏమి తినిరో, ఏ గాలివానలో ఎవరిని పోగొట్టుకొనిరో, ఏ పాట పాడి మనలను పెంచిరో, వ్రాసియుంచిన దస్తావేజు లేదు. వారుండగానే వ్రాసికొనవలెను, వెనుకటికి వాయిదా వేసిన వ్రాయుటకేమియు మిగులదు.

కావున నీ నెల మా కోరిక ఇది. మీ యింటి పెద్దామెవద్ద నొక సాయంకాలము కూర్చుండుడు. ఆమె చెప్పినది ఆమె మాటలలోనే, ఒక్క యక్షరమైన మార్చక, వ్రాసికొనుడు. వ్రాసినదానిని ఆమెకే చదివి వినిపింపుడు. తన మాటలే యని యామె యొప్పుకొన్న పిమ్మట మాకు పంపుడు. ఈ పుటలో ప్రకటింతుము. గాలి ఊళపెట్టినదని యామె యనినచో, గాలి ఊళపెట్టినదనియే యచ్చువేయుదుము.